కింది ఊరివాళ్లు తాగే నీళ్లు



యెహెజ్కేలు ప్రవక్త గ్రంథంలోని 34వ అధ్యాయం మనకు బాగా పరిచయమైనదే. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకి తెచ్చి, గాయపడినదానికి కట్టు కట్టే మంచి కాపరి అక్కడ కనిపిస్తాడు. క్రీస్తురాజు పండుగకు ఆ భాగం దివ్యపూజలో చదివే పఠనాల్లో ఒకటి. కాని ఆ పఠనం 17వ వచనంతో ఆగిపోతుంది. తరువాతి రెండు వచనాలు అక్కడ వినబడవు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబులు తీసి వాటిని చదవండి. అక్కడ దేవుడు కాపరులతో కాదు, గొఱ్ఱెలతోనే మాట్లాడుతున్నాడు. బలిసిన గొఱ్ఱెలు తేటనీళ్లు తాగుతాయి. తాగడం తప్పని దేవుడు అనలేదు. అయితే తమ దప్పి తీరిన తరువాత అవి మడుగులో దిగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలచి బురద చేస్తాయి. వెనుక వచ్చే బక్క గొఱ్ఱెలకు ఆ బురదనీళ్లే గతి. ఈ రెండింటి నడుమ తానే తీర్పు చెబుతానని దేవుడు హెచ్చరిస్తున్నాడు.

బాబిలోను చెరలో ఉన్న ప్రజలకు చెప్పిన మాట ఇది. ఫ్యాక్టరీల నీళ్లు నేలలోకి ఇంకి, పక్క ఊరి బావులను చెరిపే ఈ కాలానికి కూడా ఇది సూటిగా తగులుతుంది. ఆ సంగతే ఈ వారం మీతో ఆలోచించదలచాను.

పాలారు దారిలో

కుప్పం విచారణలోని వారికి పాలారును గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. కర్ణాటకలో నందికొండల ప్రాంతాన పుట్టి, కోలారు జిల్లా మీదుగా వచ్చి, మన కుప్పం సీమలో సుమారు 33 కిలోమీటర్లు నడిచి, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో కనిపించేది ఇసుకే. నీళ్లు ఇసుక కింద ఉంటాయి. కనుక పాలారును నమ్ముకున్న ఊళ్లు నిజానికి బావుల మీద, బోర్ల మీద బ్రతుకుతున్నాయి.

వేలూరు ఆసుపత్రికి రైలులో పోయేవారు కాట్పాడిలో దిగే ముందు వాణియంబాడి, ఆంబూరు స్టేషన్లు దాటుతారు. ఆ రెండు ఊళ్లూ, ఇంకా దిగువనున్న రాణిపేటా తోళ్ల పరిశ్రమకు పేరుపడినవి. పచ్చితోలు చెడకుండా ముందు ఉప్పు పట్టిస్తారు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీస్తారు. ఆ తరువాత క్రోమియం లవణాలతో పదును చేస్తారు. ఒక కిలో తోలు తయారు కావడానికి 35 లీటర్ల నీళ్లు కావాలని సుప్రీంకోర్టు తన తీర్పులో వ్రాసింది. తోలును మెత్తబరచి బయటికి వచ్చే నీళ్లలో ఆ ఉప్పూ, సున్నమూ, క్రోమియమూ ఉంటాయి. ఏళ్ల తరబడి అవి శుద్ధి లేకుండానే పాలారులోకి, కాలువల్లోకి, బయలు భూముల్లోకి పోయాయి.

వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తోళ్ల పరిశ్రమ ఉన్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందని వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వేలూరు పరిశోధన కేంద్రం తేల్చినట్లు ఆ తీర్పులో ఉంది. మన లెక్కలో అది 86,000 ఎకరాల పైమాట. నష్టాన్ని అంచనా కట్టడానికి ఏర్పడిన అధికార సంస్థ 2001 నాటికి వేలూరు ప్రాంతంలో 29,193 మందిని బాధితులుగా గుర్తించి, వారికి దాదాపు 26 కోట్ల 82 లక్షల రూపాయల పరిహారం కట్టింది. భాగించి చూడండి. సగటున మనిషికి పదివేలు కూడా రాదు. బావి చెడిపోయి, చేను ఉప్పుబారిన రైతుకు దక్కిన ధర అది.

అంతటితోనైనా ముగిసిందా? 2025 జనవరి 30న సుప్రీంకోర్టు అదే పాలారును గురించి మరల తీర్పు చెప్పవలసి వచ్చింది. పరిహారం అందనివారికి ప్రభుత్వం చెల్లించి, ఆ సొమ్మును పాడుచేసిన వారినుండి రాబట్టాలన్నది. నది బాగు కోసం విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేయమన్నది. 1991లో కోర్టుకు పోయిన రైతు ఇంట్లో అప్పుడు పుట్టిన బిడ్డకు ఇప్పుడు పెళ్లై పిల్లలుంటారు. నీళ్లు చెడడానికి ఒక తరం చాలింది. బాగుపడడానికి ఒక తరం చాలలేదు.

తెలుగు నేల మీద కూడా ఈ కథ నడిచింది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో రసాయనాల, మందుల ఫ్యాక్టరీలు వచ్చాక నక్కవాగు చుట్టుపక్కల ఊళ్ల చెరువులూ బావులూ చెడిపోయాయి. అక్కడి ప్రజల మొర కూడా 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించారు. శుద్ధి అయిందన్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

నేల కింద జరిగేది

పాత నిబంధనలో ఈసాకు కథ ఉన్నది (ఆదికాండము 26). తన తండ్రి అబ్రహాము తవ్వించిన బావులను ఫిలిస్తీయులు అసూయతో మట్టి పోసి పూడ్చివేశారు. ఈసాకు వాటిని మరల తవ్వించుకున్నాడు. మట్టితో పూడిన బావిని తవ్వుకోవచ్చు. క్రోమియంతో చెడిన బావిని ఎంత లోతు తవ్వితే తేట అవుతుంది?

మన ప్రాంతంలో నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొంతమేర చివికిన రాతిపొర, దాని కింద నెరియలు. మన బోర్లలోకి వచ్చే నీళ్లు ఆ నెరియల వెంట నడిచి వస్తాయి. ఇసుకలోనో మట్టిలోనో మెల్లగా ఇంకే నీరు కొంత వడగట్టబడుతుంది. రాతి నెరియలో అటువంటి వడపోత పెద్దగా ఉండదు. ఒక చేనిలో పోసిన విషం పక్క చేనిలో తేలకుండా, దూరాన ఉన్న మరొకరి బోరులో తేలవచ్చు. పొలాలకు గట్లున్నాయి, ఇళ్లకు గోడలున్నాయి, రాష్ట్రాలకు సరిహద్దులున్నాయి. నేల కింద ఇవేవీ లేవు.

ఇంకొక సంగతి. చాలామంది తల్లులు నీళ్లు కాచి తాపితే చాలనుకుంటారు. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి. ఉప్పూ క్రోమియమూ చావవు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో అవి ఇంకా చిక్కబడతాయి. తాగేనీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణం. మనం కొనుక్కునే ఇరవై లీటర్ల క్యాను మొత్తానికి ఒక్క మిల్లీగ్రాము. రుచికి తెలియదు, కంటికి కనబడదు. రాయలసీమలో చాలా ఊళ్లను బాధించే ఫ్లోరైడు రాతిలోనుండి దానంతటది వచ్చేది. దానిని ఎవరూ తెచ్చి పోయలేదు. ఫ్యాక్టరీ విషం అటువంటిది కాదు. దాని వెనుక ఒక మనిషి నిర్ణయం ఉంటుంది.

నిర్ణయం ఉన్నచోట పాపపుణ్యాల ప్రశ్న ఉంటుంది.

ఇది పాపమేనా?

మనం పాపసంకీర్తనానికి వచ్చినప్పుడు కోపం, అబద్ధం, పూజ మానడం గురించి చెబుతాం. రాత్రివేళ పైపు తిప్పి వంకలోకి నీళ్లు వదిలానని చెప్పేవారు ఉంటారా? ఎండిపోయిన బోరులోకి రసాయనపు నీళ్లు దింపడం దేశంలో అక్కడక్కడ పట్టుబడిన నేరం. అయితే దానిని వ్యాపారపు ఒడుపుగా తలచేవారే ఎక్కువ. ఐదవ ఆజ్ఞ హత్య చేయరాదంటుంది. ఏడవ ఆజ్ఞ దొంగిలరాదంటుంది. పొరుగువాని బావిని చెరిపినవాడు వాని పంటను, ఆరోగ్యాన్ని, రేపటి కూటిని తీసుకున్నాడు. తీసుకున్నది తన ఇంటికి రాకపోయినా అది దొంగతనమే. శుద్ధి చేయడానికి కావలసిన ఖర్చును మిగుల్చుకొని, ఆ ఖర్చును పేదవాని ఒంటి మీద వేయడమే ఇందులోని లాభం.

నీతిశాస్త్రం నేర్పే గురువులు ఒక పాత ఉదాహరణ చెబుతారు. వేటగాడు పొద వెనుక ఏదో కదలడం చూశాడు. జింకో, మనిషో తెలియదు. మనిషి అని రుజువు కాలేదు గదా అని బాణం వేయవచ్చునా? వేయరాదు. అనుమానం ఉన్నంతసేపు చేయి దించాలి. 1996 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ దేశపు చట్టంలో భాగమని ప్రకటించిన ముందుజాగ్రత్త సూత్రానికి అర్థం ఇదే. హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు. హాని లేదని చూపవలసిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాని మీదనే ఉంటుంది.

ఆ తీర్పు చెప్పిన రెండవ సూత్రం, పాడుచేసినవాడే చెల్లించాలన్నది. బాధితునికి పరిహారం ఇవ్వడమే కాదు, చెడిన నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చు కూడా వానిదే. ఇది మనకు కొత్త మాట కాదు. దొంగిలించినది తిరిగి ఇవ్వకుండా పశ్చాత్తాపం పూర్తి కాదని శ్రీసభ సత్యోపదేశం చెబుతూనే ఉంది. జక్కయ్య చెట్టు దిగి ప్రభువును ఇంట చేర్చుకున్నప్పుడు కన్నీళ్లతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19). ఆ తరువాతనే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు పలికారు. గుడికి విరాళమిచ్చి, పండుగకు పందిరి వేయించి, కింది ఊరి బావిని మరచిపోయినవాడు జక్కయ్య అడుగుజాడల్లో నడవడం లేదు.

దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖలో నీటికోసం ప్రత్యేకంగా ఒక భాగం వ్రాశారు. గనులు, సేద్యం, పరిశ్రమల వలన చాలాచోట్ల భూగర్భజలం చెడుతున్నదని అందులో గుర్తుచేశారు. శుభ్రమైన తాగునీరు మనిషికి ప్రాథమిక హక్కు అనీ, అది లేని పేదలకు ఈ లోకం ఋణపడి ఉన్నదనీ బోధించారు. ఋణం అన్న మాటను గమనించండి. దానం కాదు, బాకీ.

మన ఊళ్ల మాట

ఆంబూరు విషం ఎగువకు పారి మన కుప్పానికి రాదు. నీళ్లు ఎత్తుకు పోవు. అంతమాత్రాన మనం నిశ్చింతగా ఉండరాదు. మనకు ఎగువన కోలారు ఉన్నది. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండినందుకు అక్కడి రైతులు కొందరు సంతోషించారు. మూడవ దశ శుద్ధి కూడా కావాలని మరికొందరు పట్టుబడుతున్నారు. ఆ కోరిక మన మేలు కోరేది కూడా. ఇక మనకు దిగువన ఉన్నవారికి ఎగువ మనమే. కోలారువారు మనకోసం ఏమి చేయాలని కోరుతామో, వాణియంబాడివారికోసం మనం అదే చేయాలి.

మన దగ్గర ఏమున్నది? మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల నేత ఉన్నది. నేత ఉన్నచోట అద్దకం ఉంటుంది, రంగునీళ్లు ఉంటాయి. కుప్పంలో గ్రానైటు కోత ఉన్నది. దాని బూడిదరంగు బురద విషం కాకపోయినా, చెరువు అడుగున పేరుకొంటే నీరు ఇంకే దారి మూసుకుపోతుంది. చిత్తూరు సీమలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలు, పాలకేంద్రాలు ఉన్నాయి. వాటి కడుగునీళ్లలో తీపి, కొవ్వు, తొక్కలు ఉంటాయి. అవి నిలవ ఉంటే నల్లబడి కంపు కొడతాయి. మన పిల్లలు పని కోసం తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరుకు పోతున్నారు. కాబట్టి ఇక్కడే పరిశ్రమలు రావాలని మనమందరం కోరుతున్నాం. ఆ కోరిక న్యాయమైనదే. ఫ్యాక్టరీ వద్దనడం సువార్త కాదు. పని కావాలా, నీళ్లు కావాలా అని పేదవానిని నిలదీసి, ఒకటే ఎన్నుకోమనడం అన్యాయం. రెండూ ఇవ్వగల ఉపాయాలు ఉన్నాయి.

మన సీమలో నీటి విలువ మనకు తెలుసు. శ్రీశైలం జలాలు హంద్రీ-నీవా కాలువల్లో ఎన్నో ఎత్తిపోతల మీద కుప్పం దాకా రావడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో చూశాం. అంత దూరంనుండి తెచ్చిన నీళ్లను చెరువులో నింపి, ఆ చెరువు పక్కనే రంగునీళ్లు వదలడం ఏమి వివేకం?

శుద్ధి అంటే

ఫ్యాక్టరీ నీళ్లన్నీ ఒకటి కావు. గుజ్జు, పాలు, తిండి సరుకుల నీళ్లలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినివేయగలవు. తొట్టిలో గాలి ఆడించి, వాటికి సమయమిస్తే నీళ్లు తేరుకుంటాయి. ఉప్పును, క్రోమియాన్ని ఏ సూక్ష్మజీవీ తిని హరించలేదు. క్రోమియాన్ని రసాయనంతో పేరబెట్టి మడ్డిగా దింపాలి. వీలైతే మరల తోలుకే వాడాలి. ఉప్పునీటిని పొరల గుండా వత్తి వడగట్టి, మిగిలిన చిక్కటి నీటిని మరిగించి ఆవిరి చేయాలి. అప్పుడు అడుగున ఉప్పు మిగులుతుంది. చుక్క కూడా బయటికి వదలరాదన్న నియమాన్ని తమిళనాడు తోళ్ల పరిశ్రమ మీద పెట్టింది ఇందుకే. దీనికి కరెంటు ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవాలన్న ఆశే రాత్రివేళ పైపును తిప్పిస్తుంది.

పైగా మడ్డి, ఉప్పు ఎక్కడికీ మాయం కావు. వాటిని నేలకు తగలకుండా, వానకు తడవకుండా దాచాలి. రాణిపేటలో మూతబడిన ఒక క్రోమేటు ఫ్యాక్టరీ వదలి వెళ్లిన వ్యర్థం లక్షల టన్నులు దశాబ్దాల తరబడి కుప్పగా ఉండిపోయింది. యజమాని పోయినా కుప్ప పోలేదు. అదే రాణిపేటలో 2015 జనవరి 31న ఉమ్మడి శుద్ధి కేంద్రంలో మడ్డి నిలవచేసిన తొట్టి గోడ కూలి, పక్కన నిద్రిస్తున్న 10 మంది కూలీలు ప్రాణాలు విడిచారు. పొట్టకూటికి దూరదేశంనుండి వచ్చినవారే అందులో ఎక్కువ. శుద్ధిని మొక్కుబడిగా చేస్తే అదికూడా పేదవానినే చంపుతుంది.

మనం చేయగలిగినవి

మొదటిది, తెలుసుకోవడం. మీ ఇంటి బోరు నీళ్లను, మీ గుడి బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించి, ఫలితాన్ని తేదీతో వ్రాసి ఉంచండి. నీళ్లు చెడిన తరువాత, ముందు ఎలా ఉండేవో చూపడానికి ఆ కాగితమే సాక్ష్యం.

రెండవది, అడగడం. పెద్ద ఫ్యాక్టరీ రాకముందు చాలావాటికి చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఆ రోజు భోజనాల పందిరి దగ్గర కూర్చోకుండా మైకు దగ్గరికి పోండి. మూడు ప్రశ్నలు చాలు. రోజుకు ఎన్ని నీళ్లు తోడుతారు? వాడిన నీళ్లు, మడ్డి ఎక్కడికి పోతాయి? ఫ్యాక్టరీ మూతబడిన తరువాత మిగిలినదాన్ని ఎవరు ఎత్తిస్తారు? మర్యాదగా అడగండి, జవాబు వ్రాయించండి. ఏదైనా వంకలో నీళ్లు రంగు మారితే కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒక్కరు పోతే బెదిరిస్తారు. అందుకే విచారణ సంఘంగా, ఇతర మతాల పొరుగువారితో కలసి పోవాలి. బావి నీళ్లకు మతం లేదు.

మూడవది, మన చేతులు చూసుకోవడం. ఎండిన బోరును తెరిచి ఉంచకండి, చెత్తకో మురుగుకో గుంతగా వాడకండి. బంకమన్నుతో, సిమెంటుతో గట్టిగా మూయించండి. పసిపిల్లలకూ అది క్షేమం. పురుగుమందు డబ్బాలను బావి గట్టున కడగకండి. వాననీటి గుంతలు తవ్వడం పుణ్యకార్యమే. కాని రసాయనం చిందిన ఆవరణలోని వాననీటిని గుంతలోకి మళ్లిస్తే, విషాన్ని మన చేతులతోనే నేల లోపలికి పంపినట్లు. ముందు చోటు చూసుకోవాలి. అద్దకం పని చేసే కుటుంబాలు విడివిడిగా శుద్ధి చేసుకోలేవు. పదిమంది కలిసి ఉమ్మడి తొట్టి కోసం పురపాలక సంఘాన్ని అడగాలి. ఆ అడగడంలో విచారణ వారికి తోడు నిలవాలి. వారిని దోషులుగా చూపి మనం చేతులు దులుపుకోరాదు.

పరిశ్రమ నడిపే క్రైస్తవ సోదరులారా, అక్కడ ఉద్యోగం చేసే ఇంజనీర్లారా, సూపర్‌వైజర్లారా, మీకు ఒక మాట. ఆ పైపు తాళం మీ చేతిలో ఉంటుంది. పై అధికారి తిప్పమంటే ఏమి చేయాలన్నది ఆ రాత్రి మీ మనస్సాక్షి ముందు నిలిచే ప్రశ్న. ఆ కష్టం తేలికైనదని నేననను. మీరు ఒంటరిగా మోయకుండా చూసుకోవడం మా అందరి బాధ్యత.

సమారియా స్త్రీ బావికి వచ్చినప్పుడు ప్రభువు దాహంతో ఉన్నారు. తాగడానికి నీళ్లిమ్మని అడిగారు. నేడు కింది ఊరిలో ఏ తల్లి బిందె నింపుకొంటున్నదో, ఆ బిందెలోని నీళ్లనే ప్రభువు మననుండి అడుగుతున్నారు. ఇవ్వదగిన నీళ్లేనా అవి? పాస్కా జాగరణలో ఆశీర్వదించి, బిడ్డ తలమీద పోసే నీళ్లు కూడా ఆ నేల కిందినుండే వస్తాయి.

ప్రార్థన చేద్దాం. సృష్టికర్తవైన తండ్రీ, మారాలో చేదునీళ్లను మోషే చేత తీయగా మార్చినవాడవు, యెరికోలో చెడిన ఊటను ఎలీషా చేత బాగుచేసినవాడవు. మా నేల కింది నీళ్లను కాపాడు. మా చేతులతో వాటిని చెరపకుండా మమ్ము కాపాడు. చెరిపినచోట సరిదిద్దే ధైర్యమూ, చెల్లించే నిజాయితీ దయచేయి. క్రీస్తునాథుని ద్వారా. ఆమెన్.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి: మన ఇంట్లో వాడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? మనకు ఎగువన ఎవరున్నారు, దిగువన ఎవరున్నారు? దిగువవారి కోసం ఈ నెలలో మనం చేయబోయే ఒక్క పని ఏమిటి?